ఫిరంగి వెనక సందు

పెన్నగట్టుపల్లె,
జమ్మలమడుగు తాలూకా,
12 మార్చి 2025.

అమ్మా జువేరియా,

మామ గౌస్ మొహిద్దీన్ దీవించి రాసేది. నేనూ మీ అత్తా బాగానే ఉన్నాము. రోజాలు ఎండల్లో పడ్డాయి కాబట్టి మధ్యాహ్నానికి నోరు పిడచకట్టుకు పోతోంది, అంతకు మించి చెప్పుకునే కష్టమేమీ లేదు. నీకు ఫోన్ చేయమని ప్రొద్దుటూరు నుంచి మీ అమ్మ ఖమర్‌బీ పోరుతూనే ఉంటుంది. వేముల ముగ్గురాయి గనుల్లో సగం జీవితం బండలు పేల్చి చెవులు పోగొట్టుకున్నవాడికి ఫోన్ ఎందుకు చెప్పు? నువ్వు అవతల మాట్లాడుతుంటే నేను ఊరికే తల ఊపాలి, అది నీకు కనపడదు. ఉత్తరమే మేలు.

నువ్వు పంపిన కాగితాలు అందాయి. కాగితం తడిపి ఫిరంగి మీద పరిచి, బ్రష్షుతో మెల్లగా కొట్టి, సిరా అద్ది అచ్చు తీయమన్నావు. సిరా దారిలోనే ఎండిపోయింది. మీ అత్త దోసె పెనం మసి గీకి ఆముదంలో కలిపి ఇచ్చింది. దానితోనే అద్దాను. పోయేవాళ్ళు వచ్చేవాళ్ళు నిలబడి చూసి, గౌసుకు చెవుల తర్వాత బుర్ర కూడా పోయిందనుకున్నారు. అచ్చులూ, నేను గీసిన ఫిరంగి బొమ్మా ఇందులో పెట్టాను.

ఇక అసలు మాట. జిల్లాలో పాత ఫిరంగులన్నిటికీ మీ పురావస్తు ఆఫీసు బోర్డులు పెడుతుందని, మన ఊరి ఫిరంగి వివరాలు నువ్వే రాస్తావని తెలిసి నాకు నిద్ర పట్టలేదు. నువ్వు ప్రొద్దుటూరులో పెరిగావు కాబట్టి నీకు పూర్తిగా తెలియదు. పీర్ల పండుగ ఆఖరి రోజున ఊరంతా పీర్ల వెంట చావిడి నుంచి ఏటికి పోతుంది. రెడ్లు, బోయలు, సాయిబులు అందరూ ఆ ఫిరంగి ముందు నుంచే పోతారు. మన ఇంటివాళ్ళు మాత్రం పోకూడదు. ఫిరంగి వెనక సందులోంచి చుట్టూ తిరిగి వచ్చి అవతల కలుసుకోవాలి. నేను పడుచువాడిగా ఉన్నప్పటి నుంచీ పెద్ద పీరును మోస్తున్నాను. ఫిరంగి దగ్గరకు రాగానే దాన్ని ఇంకొకడి భుజానికి ఇచ్చి, దొంగ మాదిరి సందులోకి పోయి, అవతల మళ్ళీ అందుకుంటాను.

ఎందుకంటే మన పెద్దల్లో ఒకడు ఆ ఫిరంగి పేల్చే పనిలో ఉండేవాడట. శత్రువుల దగ్గర ముడుపు తిని, పేల్చాల్సిన రోజున నిప్పు పెట్టే బెజ్జంలో మేకు దిగ్గొట్టాడట. ఆ మేకు ఇప్పటికీ ఉంది. ఊళ్ళో మనల్ని మేకోళ్ళు అంటారు. ముఖాన అనరు, కానీ నాకు వినబడే రోజుల్లో విన్నాను.

నాకు ఒకటే కోరిక. బోర్డు మీద మనవాడి గురించి ఒక్క మంచి మాట రాయి. గవర్నమెంటు బోర్డు మీద ఉంటే ఊరు నమ్ముతుంది. ఈ పండుగకు పీరును భుజం దించకుండా ఏటిదాకా మోయాలి. వచ్చే ఏటికి ఈ భుజం ఒప్పుకుంటుందో లేదో.

మసి చేతులతో,
నీ మామ గౌసు

కర్నూలు,
26 మార్చి 2025.

మామకు జువేరియా సలాములు.

అచ్చులు భద్రంగా అందాయి. కవరు విప్పగానే ఆముదం వాసన గుప్పుమంది. అమ్మ తలకు నూనె పంపిందని మా హాస్టలు అమ్మాయిలు అనుకున్నారు. అత్తకు చెప్పు, ఆమె మసి మా ఆఫీసు సిరా కంటే బాగా పట్టింది.

మన ఫిరంగి మామూలుది కాదు మామా. నువ్వు గీసి పంపిన బొమ్మ చూశాను. అది పోత పోసింది కాదు. ఇనుప పట్టీలను నిలువుగా పేర్చి, పైన కాల్చిన కడియాలు తొడిగి, సుత్తెలతో కొట్టి అతికించింది. రెండు పక్కలా చెవుల మాదిరి ఉన్నవి బండి మీద ఆనించడానికి. మధ్య కడియం మీద పారశీకంలో ఒక వరుస ఉంది. గుండు బరువు, హిజ్రీ సంవత్సరం చెక్కారు. అది చాలా ఫిరంగుల మీద ఉండేదే.

కానీ నిప్పు పెట్టే బెజ్జం పక్కన ఉన్నది చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. అక్కడ తెలుగు ఉంది! చేయి తిరిగిన పనివాడు చెక్కింది కాదు, ఎవరో ఉలితో తంటాలు పడి గీసింది. ఇన్ని ఫిరంగులు చూశాను, ఇట్లాంటిది చూడలేదు. "ముందర పోరాదు" అని స్పష్టంగా ఉంది. దానికి ఎడమ వైపు ఏటేటా వేసిన సున్నం మందంగా పేరుకుపోయి అచ్చు పడలేదు. దాన్ని గీకవద్దు, నేను వచ్చి తీస్తాను.

రెండు కొలతలు పంపు. బయట నుంచి మొత్తం పొడవు ఎంత? నోట్లోంచి వెదురుబొంగు దూర్చితే ఎంత లోపలికి పోతుంది? దాని నోరు ఎటు వైపు ఉందో కూడా రాయి.

బోర్డు సంగతి. మా పెద్ద సారు "మేకు కొట్టి చెడగొట్టిన ఫిరంగి" అని ముందే రాసి పెట్టుకున్నారు. నేను చెప్పి చూశాను. మేకు కళ్ళ ముందు ఉంది కదమ్మా అన్నారు. మంచి మాట రాయాలంటే ఆధారం కావాలి మామా. మనవాళ్ళని నేను రాయకూడదు.

వచ్చే నెలంతా క్యాంపు. ఉత్తరం ఆలస్యమైతే కంగారు పడవద్దు.

నీ జువేరియా

పెన్నగట్టుపల్లె,
9 ఏప్రిల్ 2025.

అమ్మా జువేరియా,

నీ ఉత్తరం రంజాన్ పండుగ అయిన వారానికి వచ్చింది. కవరు చూసిన సంతోషంలో చదవకుండానే చావిడి అరుగు మీదికి తీసుకుపోయాను. నారాయణ అక్కడే కూర్చుని ఉన్నాడు. నీకు గుర్తుండే ఉంటాడు, పెద్దరెడ్డి గారి కొడుకు, మన చేనూ వాళ్ళ చేనూ గట్టు కలిసే ఉంటాయి. పదిమందికీ వినబడేటట్టు చదవరా అని వాడి చేతికే ఇచ్చాను. వాడు చదువుతూ చదువుతూ ఆగిపోయాడు. అందరూ నా ముఖం చూడడం మొదలుపెట్టారు. ఏమైందో నాకు తెలియదు. చివరికి వాడు నా చెవి దగ్గర నోరు పెట్టి చెప్పాడు.

"రాతలోనే ఉండాది కదా మామా, ముందర పోరాదని. మా పెద్దోళ్ళు ఊరికే చెప్పలా."

వాడు ఎగతాళిగా అనలేదు. జాలిగా అన్నాడు. అదే నాకు ఎక్కువ తగిలింది. ఇన్నాళ్ళూ అది నోటిమాట. ఇప్పుడు చెక్కిన రాత అయింది, చదివింది మన పిల్లే. నువ్వు కుర్చీలోంచి లేచి నిలబడ్డానని రాశావు. నేను అరుగు మీద కూలబడ్డాను.

నువ్వు అడిగిన కొలతలు ఇవి. బయట ఆరు మూరలు, పైన ఒక జాన. వెదురుబొంగు నాలుగున్నర మూరల దగ్గర మెత్తగా దేనికో తగిలి ఆగిపోతుంది. పిల్లకాయలు మట్టీ గుడ్డలూ కుక్కి ఉంటారు. నోరు ఊరి వైపే ఉంది. మా తాత చిన్నప్పుడూ అట్లాగే ఉండేదట, దాన్ని కదిలించినవాడు లేడు.

మేకు కళ్ళ ముందు ఉందని కదా మీ సారు బాధ. అది లేకుండా చేస్తాను. బెజ్జంలో ఇరుక్కున్నదాన్ని తీయడం నాకు ఒకరు నేర్పాలా? నాతో గనిలో పనిచేసిన రఫీ పులివెందులలో డ్రిల్లింగు మిషన్లు బాడుగకు తిప్పుతున్నాడు. వచ్చే వారంలో తెస్తానన్నాడు. మేకు పోయాక, చెడగొట్టిన ఫిరంగి అని ఎట్లా రాస్తారో చూస్తాను.

మనవాళ్ళని రాయకూడదన్నావు. సరే తల్లీ. నీ ఉద్యోగం నీకు ముఖ్యం. మేకోళ్ళ పిల్లవని కర్నూలులో ఎవరికీ తెలియాల్సిన పనిలేదు.

గౌస్ మొహిద్దీన్

కర్నూలు,
27 ఏప్రిల్ 2025.

మామా,

నిన్న సాయంత్రం క్యాంపు నుంచి తిరిగి వచ్చేసరికి నీ ఉత్తరం తలుపు కింద పడి ఉంది. కొలతలు చూడగానే ఆ మిషను ఆపించాలనుకున్నాను. వెంటనే అమ్మకు ఫోన్ చేశాను. పాపం, ఆమె పొయ్యి మీద అన్నం దించి జమ్మలమడుగు బస్సు ఎక్కింది. మీ ఇంటి నుంచి ఫోన్ చేసి, పని ఎప్పుడో అయిపోయిందని, నువ్వు మంచం మీద కూర్చుని మజ్జిగ తాగుతున్నావని చెప్పింది. అప్పుడు ఏడ్చాను.

ఆరు మూరల ఫిరంగిలో బొంగు నాలుగున్నర మూరల దగ్గర ఆగడమేమిటి? వెనక భాగం మందంగా ఉంటుంది, నిజమే, అయినా అంత ఉండదు. లోపల గుండు ఉంది. గుండు వెనక మందు ఉంది. దట్టించిన ఫిరంగికి మేకు కొట్టారు. దట్టించిన ఫిరంగి బెజ్జంలో నువ్వు డ్రిల్లు పెట్టావు. పేలని పాత బెజ్జంలో మళ్ళీ డ్రిల్లు పెట్టరాదని గనుల్లో మొదటి రోజే చెబుతారని చిన్నప్పుడు నాకు కథలు కథలుగా చెప్పింది నువ్వే. ఆ మాట నీకు ఎట్లా గుర్తు రాలేదు?

ముడుపు తిన్నవాడు ఖాళీ ఫిరంగికి తీరిగ్గా మేకు కొట్టి పారిపోతాడు. మందు దట్టించి, గుండు వేసి, ఆఖరి నిమిషంలో మేకు కొట్టాడంటే అది వేరే సంగతి. ఎవరో పేల్చమన్నారు, అతను పేల్చలేదు. నోరు ఊరి వైపు ఉందన్నావు. దాని ముందు ఎవరు నిలబడి ఉన్నారో ఆలోచించు. ఆ మేకు లోపలికి ఎట్లా దిగింది, కింద మందును తాకిందా, ఇవన్నీ చూసి ఉంటే నాకు ఆధారం దొరికేది. నువ్వు అడిగిన మంచి మాట ఆ మేకులోనే ఉండేది మామా. దాన్నే పొడి చేశావు.

వాళ్ళు మనవాళ్ళని చెప్పుకోవడానికి నేను సిగ్గుపడ్డానా? మన ఇంటివాళ్ళ గురించి నేనే రాస్తే ఎవరూ నమ్మరని రాయకూడదన్నాను. నువ్వు ఇంకోరకంగా అనుకున్నావు. చదివి శానా బాధపడ్డాను.

మందు ఉన్న సంగతి ఆఫీసులో చెప్పక తప్పదు. ఊరి మధ్యలో పిల్లలు ఎక్కి ఆడుకునే చోట దాన్ని ఉంచకూడదు. అంతవరకు దాని ముందు ఎవరినీ నిలబడనివ్వవద్దు. సున్నం కింద మిగతా అక్షరాలు ఉంటే అచ్చు తీసి పంపు.

జువేరియా

పెన్నగట్టుపల్లె,
8 మే 2025.

అమ్మా,

నువ్వు తిట్టిన తిట్లు అన్నీ నాకు చెందినవే. అయినా జరిగింది జరిగినట్టు చెబుతాను.

రఫీ పొద్దున్నే మిషను తెచ్చాడు. అది కదలకుండా ఫిరంగికి గొలుసుతో బిగించాలి కదా, అందుకని బెజ్జం పక్కన సున్నమంతా సుత్తితో రాల్చి నీళ్ళు పోసి కడిగాడు. కడిగినాక వాడు వంగి, ఏదో చదివి, నా వైపు తిరిగి చెప్పాడు. నాకు వినబడలేదు. ఏంది అని కూడా అడగలేదు. రాతలు చదివింది చాలు అనుకున్నాను. చెయ్యి ఊపి, కానీ అన్నాను. వాడు ఒక్క క్షణం ఆగి, గొలుసు బిగించాడు.

మేకు సగం దాకా గట్టిగా ఉంది. తర్వాత ఒక్కసారిగా మెత్తబడింది. బెజ్జంలోంచి నీళ్ళతో పాటు నల్లటి బురద పైకి వచ్చింది. వేలితో తీసి వాసన చూశాను. చెవులు పోయాయి గానీ ముక్కు పోలేదు. ఆ వాసన నాకు తెలియనిదా? మిషను ఆపమని చెయ్యి ఎత్తాను. తల తిప్పి చూశాను. చావిడి దగ్గర ఆడుకుంటున్న పిల్లలు దాని నోటికి ఎదురుగానే ఉన్నారు.

నీ ఉత్తరం వచ్చాక అచ్చు తీద్దామని పోతే, గొలుసు అదురుకు ఇనుము అరిగిపోయి ఆ చోటంతా తెల్లగా మెరుస్తోంది. అక్షరం అన్నది లేదు. అప్పుడు రఫీ చదివింది గుర్తుకు వచ్చి, బస్సెక్కి పులివెందుల పోయాను. షెడ్డులో నూనె చేతులు తుడుచుకుని, వాడు ఫోన్లో పెద్ద అక్షరాలతో కొట్టి చూపించాడు.

"మందు నిండి వున్నది."

అది మొదటి సగం. నువ్వు చదివింది రెండో సగం. మందు నిండి వున్నది, ముందర పోరాదు. ఎందుకు ఆపలేదురా అని వాడిని అడిగాను. వాడు మళ్ళీ కొట్టి చూపించాడు. "చెప్పినా కదా మామా. కానీ అంటివి. అందుకే నీళ్ళు ఇంకా రోంత ఎక్కువ పోసినా." ఆ నీళ్ళ వల్లనే నేను ఈ ఉత్తరం రాస్తున్నాను.

తిరుగు బస్సులో కూర్చుని ఏడ్చాను జువేరియా. పక్కన కూర్చున్న ముసలామె, ఎవరు పోయినారప్పా అన్నట్టు చెయ్యి తిప్పి అడిగింది. ఏమని చెప్పేది? ముత్తాతల నాటి మన పెద్దాయన మేకు కొట్టి, మందు లోపలే ఉండిపోయినందుకు భయపడి, తనకు వచ్చిన నాలుగు అక్షరాలు ఉలితో చెక్కాడు. ఊరు చదవలేదు. సున్నం పూసింది. తన పిల్లలకు మాత్రం చేయి పట్టుకుని చెప్పి ఉంటాడు, దాని ముందు పోకండి, వెనకనుంచి పోండి అని. మనవాళ్ళు ఆ మాట తప్పలేదు. ఎందుకు చెప్పాడో మాత్రం మరిచిపోయారు. పిల్లలు చావకూడదని తండ్రి చెప్పిన మాటను మనం శిక్ష అనుకున్నాము. నేను దానికి జీవితమంతా తల వంచుకుని నడిచాను.

నారాయణకు చెప్పాను. వాడు నన్ను నమ్మాడు అనుకుంటాను. కానీ వాడు వచ్చి, అక్షరాల కోసం ఆ మెరిసే ఇనుమును వేళ్ళతో తడిమి చూసి, ఇంటికి పోయాడు.

నీ మామ

కర్నూలు,
21 జూన్ 2025.

మామకు జువేరియా సలాములు.

నీ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో. జవాబు రాయడానికి ధైర్యం చాలక ఇన్నాళ్ళు ఆగాను. ఫిరంగిని లారీ ఎక్కించేటప్పుడు నువ్వు దగ్గరుండి గడ్డి పరిపించావని మా వాళ్ళు వచ్చి చెప్పారు. ఇక్కడ దాన్ని నీళ్ళతో నింపి నానబెట్టి, లోపలిదంతా తీశారు. గుండు బయటికి వచ్చింది. గుండు వెనక గుడ్డ, దాని వెనక మందు. నేను అనుకున్నట్టే ఉంది. మిగిలిన మందు ఎండితే అంటుకునేదేనని తేలింది. 

బోర్డు తయారైంది. పొడవు, బరువు, హిజ్రీ సంవత్సరం, మందు దట్టించి ఉండగా దొరికిందని ఒక వరుస. "ముందర పోరాదు" అన్నది కూడా వేశారు, నీ మసి అచ్చు ఉంది కాబట్టి. మొదటి సగం వేయలేదు. డ్రిల్లింగు మిషను అతను చదివాడంటే దాన్ని ఆధారమని ఎట్లా అంటావమ్మా అన్నారు సారు. ఆయన తప్పు లేదు. నేను ఆయన స్థానంలో ఉన్నా అదే అనేదాన్ని. చెడగొట్టిన ఫిరంగి అన్న మాట మాత్రం తీయించగలిగాను.

కాబట్టి ఇప్పుడు గవర్నమెంటు బోర్డు మీద ముందర పోరాదు అని మాత్రమే ఉంటుంది. సగం వాక్యం. ఆ సగాన్ని సంతోషంగా నీకు రాసి పంపింది నేను. మిగతా సగం ఏమై ఉంటుందని ఒక్క పూట ఆగి ఆలోచించి ఉంటే, నువ్వు అరుగు మీద కూలబడేవాడివి కాదు, రఫీని పిలిచేవాడివి కాదు. నీకు మంచి మాట ఇవ్వాలని ఎంతో అనుకున్నాను మామా. ఇవ్వలేకపోయాను.

ఇప్పుడు అక్కడ ఫిరంగి లేదు. మందు లేదు. ఎవరూ నిన్ను ఆపలేరు. ఈ పండుగకు పీరును దించకుండా ముందు నుంచే మోసుకుపో. అది చూడడానికి సెలవు అడిగాను, దొరకలేదు. అమ్మ వస్తుంది.

నీ జువేరియా

పెన్నగట్టుపల్లె,
9 జూలై 2025.

అమ్మా జువేరియా,

పీర్లు ఏటికి పోయి వచ్చాయి. మీ అమ్మ నిన్ననే ప్రొద్దుటూరు పోయింది, చక్కెర మలీదా మూట కట్టించి పంపాను. నీ వాటా నీకు చేరుస్తుందో, బస్సులోనే తినేసిందో తెలియదు.

పండుగ రోజు చావిడి ముందు కళ తప్పింది. ఫిరంగి ఉన్న చోట గుంత, దాంట్లో వాన నీళ్ళు. ఏటేటా ముందు రోజు దానికి సున్నం వేసేవాళ్ళు కదా, ఈసారి కుండలో సున్నం కలిపి, ఏం చేయాలో తెలియక చావిడి అరుగుకే పూశారు. కొందరు నన్ను చూసి ముఖం తిప్పుకున్నారు. ఊరి ఫిరంగి నా వల్లే పోయిందని వాళ్ళ బాధ. అందులో అబద్ధమేముంది?

పెద్ద పీరును నా భుజానికే ఎత్తారు. గుంత దగ్గరకు వచ్చేసరికి, ఎప్పుడూ అందుకునే కుర్రవాడు అలవాటుగా చేతులు చాపాడు. నారాయణ వాడిని పక్కకు నెట్టి, నా చెవి దగ్గరకు వచ్చి అరిచాడు.

"దించొద్దు మామా. అడ్డం ఏముంది ఇంగ? నేరుగా రా."

వాడి కళ్ళలో నీళ్ళు ఉన్నాయి. నేను కోరుకున్నది అదే కదా. ఇన్నేళ్ళ నుంచి ఆ ఒక్క మాట కోసమే కదా ఎదురు చూసింది. ముందుకు అడుగు వేయబోయాను. అప్పుడు మేకు కొట్టిన ఆ పెద్దాయన గుర్తుకు వచ్చాడు. ఆయన ముఖం ఎట్లా ఉంటుందో నాకు తెలియదు. ఉలి పట్టుకోవడం రాని చేతితో ఆ ఇనుము మీద అక్షరాలు కొట్టుకుంటూ కూర్చున్నవాడు. ఆయన రాసిన మాటను లోకంలో లేకుండా చేసింది నేను. వెనకనుంచి పోండి అని పిల్లలకు నోటితో చెప్పిన మాట ఒక్కటే ఇంకా మిగిలి ఉంది. దాన్ని కూడా నేనే తీసేయాలా అనిపించింది.

పీరును దించలేదు. భుజం మీద ఉంచుకునే సందులోకి తిరిగాను. ఇరుకు సందు కదా, పీరు గుడ్డలు గోడకు రాసుకుంటున్నాయి. ఎప్పుడూ తల వంచుకుని పోయే దారి, ఈసారి పీరు ఒరగకుండా తల ఎత్తి నడవాల్సి వచ్చింది. తప్పెట్లు నా వెనక వచ్చాయో, ముందు దారిన పోయాయో నాకు వినబడలేదు. తిరిగి చూడలేదు. ఏటి దగ్గర అందరూ ఉన్నారు. ఎవరు ఏ దారిన వచ్చారని నేను అడగలేదు.

నువ్వు నాకు ఏమీ ఇవ్వలేకపోయానని బాధపడకు. మందు ఉందని కనిపెట్టింది నువ్వు కాదా? నేను నిన్ను మేకోళ్ళ పిల్లవని రాశాను, ఆ మాట మరిచిపో. సెలవు దొరికితే ఒకసారి రా. చావిడి దగ్గర ఆటో దిగాక నేరుగా రాకు. వెనక సందులోంచి నడిచి రా. అక్కడ ఇప్పుడు ఏమీ లేదని నాకూ తెలుసు. అయినా అట్లాగే రా తల్లీ, నేను సందు చివర నిలబడి ఉంటాను.

నీ మామ
గౌస్ మొహిద్దీన్